మాయ అతుక్కుంటే గర్భసంచి పోవాల్సిందేనా?



ఒక ఇంట్లో కాన్పు అయింది అనుకోండి. బిడ్డ కేరుమని ఏడ్చింది. అందరి చూపూ బిడ్డ మీదికే పోతుంది. "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" అని అడుగుతారు. మేనత్త ఉరికొస్తుంది. తాత చక్కెర పంచుతాడు. తల్లి వంక చూసేవాళ్లు మాత్రం తక్కువ.

కాని కాన్పు ఇంకా పూర్తి కాలేదు. మాయ పడాలి. మాయ పడి, నెత్తురు ఆగితేనే కాన్పు అయినట్టు. పాతకాలం మంత్రసానికి కూడా ఈ సంగతి తెలుసు. మాయ పడేదాకా ఆమె తల్లి దగ్గరి నుంచి లేచేది కాదు.

మాయ పడకపోతే ఏమవుతుంది? అది గర్భసంచికి అతుక్కుపోతే ఏం చేస్తారు? గర్భసంచి తీసేయాల్సిందేనా? మళ్లీ పిల్లలు పుట్టే దారి ఉంటుందా? ఈరోజు మాట ఇదే.

మాయ ఎట్లా ఉంటుంది?

మాయ గర్భసంచి లోపలి గోడను పట్టుకొని పెరుగుతుంది. బొడ్డుతాడు దాని నుంచే బిడ్డకు పోతుంది. తల్లి తిన్న తిండిలోని బలం మాయ గుండానే బిడ్డకు అందుతుంది. నెలలు నిండేసరికి మాయ దాదాపు అర కిలో తూగుతుంది. అప్పుడు గర్భసంచికి నిమిషానికి అర లీటరు, అంతకన్నా ఎక్కువ నెత్తురు వచ్చి పోతుంటుంది.

గోడకు పిడకలు కొట్టడం అందరికీ తెలిసిన పనే. గోడకు పూత బాగుంటే ఎండిన పిడక తేలికగా ఊడి వస్తుంది. పూత రాలిపోయిన చోట కొడితే? పిడక మట్టిగోడనే పట్టుకుంటుంది. గట్టిగా లాగితే పిడకతో పాటు గోడ పెళ్ల కూడా ఊడుతుంది.

గర్భసంచి లోపల కూడా ఒక మెత్తటి పొర ఉంటుంది. అది గోడకు పూత లాంటిది. మాయ ఆ పొరను పట్టుకుంటే, బిడ్డ పుట్టాక దానంతట అది ఊడి వస్తుంది. గర్భసంచికి పాత కోత ఉంటే, కోత మానిన చోట ఆ పొర సరిగా ఉండదు. మాయ అక్కడ పెరిగితే నేరుగా కండనే పట్టుకుంటుంది. కొందరికి పైపైన పట్టుకుంటుంది. కొందరికి కండలోకి దిగుతుంది. ఇంకొందరికి కండను దాటి బయటికి వచ్చి, పక్కనున్న మూత్రసంచిని కూడా పట్టుకుంటుంది.

మాయ ఆలస్యమైన ప్రతిసారీ ఇట్లా అతుక్కున్నట్టు కాదు. మామూలుగా మాయ అరగంట లోపల పడుతుంది. కొందరికి ఆలస్యమవుతుంది. అప్పుడు ఆసుపత్రిలో మత్తు ఇచ్చి, డాక్టరమ్మ చేతితో జాగ్రత్తగా తీస్తుంది. గర్భసంచికి ఏమీ కాదు. ఆలస్యమైన మాయల్లో ఎక్కువ ఇట్లాంటివే. లోతుగా అతుక్కున్న మాయ తక్కువమందికే వస్తుంది. కాని వచ్చినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

లాగితే ఏమవుతుంది?

మాయ ఊడిన చోట నెత్తురు నాళాల నోళ్లు తెరుచుకొని ఉంటాయి. మాయ పడగానే గర్భసంచి గుప్పిట బిగించినట్టు బిగుసుకుంటుంది. ఆ బిగువుకు నోళ్లన్నీ మూసుకుంటాయి. నెత్తురు ఆగుతుంది.

మాయ సగం ఊడి, సగం అతుక్కొని ఉంటే గర్భసంచి బిగుసుకోలేదు. నోళ్లు తెరిచే ఉంటాయి. నెత్తురు కారుతూనే ఉంటుంది. ఒక స్త్రీ ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్ల నెత్తురు. అది పోవడానికి పూట పట్టదు.

అందుకే ఇంట్లో ఎవరూ బొడ్డుతాడు పట్టి లాగకూడదు. కడుపు మీద గట్టిగా నొక్కకూడదు. "జెర లాగు, వస్తది" అనే మాట తల్లి ప్రాణం తీయవచ్చు. గట్టిగా లాగితే గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు.

ఈ కష్టం ఇప్పుడు ఎందుకు పెరుగుతున్నది?

మన రాష్ట్రం సంగతి చూడండి. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 100 కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్ కాన్పులే. దేశం మొత్తం మీద 100కు 21 మాత్రమే. ఇన్ని ఆపరేషన్ కాన్పులు ఆ సర్వేలో ఏ రాష్ట్రంలోనూ లేవు.

అవసరమైనప్పుడు ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. అప్పుడు వద్దనకూడదు. కాని నొప్పులకు భయపడి, మంచి ముహూర్తం చూసుకొని, తొందర తీరాలని కడుపు కోయిస్తే? ఆ కోత ఆ ఒక్క కాన్పుతో పోదు. తరువాతి కాన్పులో మాయ అతుక్కునే చోటు అదే అవుతుంది.

ఇంకో సంగతి. మాయ గర్భసంచిలో పైన ఉండాలి. కొందరికి కింద, బిడ్డ వచ్చే దారికి అడ్డంగా ఉంటుంది. పాత కోత కూడా కిందనే ఉంటుంది. ఆ రెండూ ఒకచోట చేరితే ప్రమాదం. అమెరికాలో 30 వేలకు పైగా ఆపరేషన్ కాన్పులను పరిశీలించి 2006లో లెక్క చెప్పారు. మాయ అడ్డంగా ఉన్నవారిలో, ముందు ఒక ఆపరేషన్ కాన్పు అయి ఉంటే 100లో 11 మందికి మాయ అతుక్కుంది. రెండు అయి ఉంటే 100లో 40 మందికి. మూడు అయి ఉంటే 100లో 61 మందికి. మాయ అడ్డంగా లేనివారికి ఈ భయం చాలా తక్కువ.

గర్భసంచిలో గడ్డలు కోసి తీయించుకున్నవారికి, కడుపు పోయినప్పుడు లోపల గీకి శుభ్రం చేయించుకున్నవారికి కూడా కొంత భయం ఉంటుంది. వాళ్లు కూడా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

గర్భసంచి తీసేయడం తప్పదా?

ఒక ఊరి కోడలు అనుకుందాం. వయసు 22. మొదటిది ఆపరేషన్ కాన్పు. ఇప్పుడు రెండోసారి నెలలు నిండుతున్నాయి. మాయ అతుక్కుంది. కాని ఎవరికీ తెలియదు. నొప్పులు మొదలయ్యాక, నెత్తురు కనిపించాక బయలుదేరారు. మొదటి ఆసుపత్రిలో నెత్తురు లేదు. రెండో ఆసుపత్రికి పొమ్మన్నారు. అక్కడికి చేరేసరికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. అప్పుడు డాక్టరుకు ఒకటే దారి. గర్భసంచి తీసేసి ప్రాణం నిలబెట్టాలి. ఆ ఘడియలో అదే సరైన పని. "వద్దు, పిల్లలు పుట్టరు" అని ఇంటివాళ్లు అడ్డం పడితే ప్రాణమే పోతుంది.

అదే కోడలికి ఐదో నెలలోనే స్కానింగ్ తీశారు అనుకుందాం. మాయ పాత కోత మీద ఉందని తెలిసింది. పెద్దాసుపత్రిలో పేరు రాయించారు. నెత్తురు సిద్ధం చేశారు. నొప్పులు రాకముందే కాన్పుకు రోజు పెట్టుకున్నారు. అప్పుడు డాక్టర్ల ముందు ఒక దారి కాదు, మూడు దారులు ఉంటాయి.

మొదటి దారి: బిడ్డను తీశాక మాయను లాగరు. మాయతో సహా గర్భసంచిని తీసేస్తారు. లోతుగా అతుక్కున్నప్పుడు ఎక్కువగా చేసేది ఇదే. పిల్లలు చాలనుకున్నవారికి ఇది మంచి దారి.

రెండో దారి: మాయ కొంత మేరకే అతుక్కుంటే ఆ ముక్క వరకు కోసి తీసి, గర్భసంచిని కుట్టేస్తారు. గర్భసంచి మిగులుతుంది.

మూడో దారి: మాయను అసలు ముట్టుకోరు. బొడ్డుతాడును మాయ దగ్గర కట్టి కోసి, మాయను లోపలే ఉంచి కుట్టేస్తారు. అది నెలల తరబడి మెల్లగా కరిగిపోతుంది.

"లోపల మాయ ఉంచితే మనిషి బతుకుతదా?" అని పెద్దమ్మలు అడుగుతారు. అడగాల్సిన మాటే. ఫ్రాన్సు దేశంలో 1993 నుంచి 2007 వరకు 167 మంది స్త్రీలకు మాయను పూర్తిగానో కొంతగానో లోపలే వదిలారు. 131 మందికి గర్భసంచి దక్కింది. 36 మందికి తీసేయాల్సి వచ్చింది. ఒకామె చనిపోయింది. మాయ దానంతట అది కరిగినవారిలో సగం మందికి మూడు నెలల పైనే పట్టింది.

వాళ్లకు మళ్లీ పిల్లలు పుట్టారా? వాళ్లలో 27 మంది మళ్లీ బిడ్డ కావాలనుకున్నారు. 24 మందికి గర్భం వచ్చింది. కొందరికి మధ్యలో పోయింది. 21 కాన్పులు జరిగాయి. ఆ 21లో 6 కాన్పుల్లో మాయ మళ్లీ అతుక్కుంది. అంటే దారి ఉంది. దారిలో ముళ్లూ ఉన్నాయి. రెండూ తెలుసుకొని అడుగు వేయాలి.

ఈ మూడో దారి అందరికీ కుదరదు. నెత్తురు ధారగా పోతున్నప్పుడు కుదరదు. నెలల తరబడి ఆసుపత్రికి తిరగలేనివారికి కుదరదు. మాయ లోపల ఉన్నన్నాళ్లూ చీము పట్టే భయం, ఒక్కసారిగా నెత్తురు పోయే భయం ఉంటాయి. జ్వరం వచ్చినా, కడుపు నొచ్చినా, వాసన వచ్చినా, నెత్తురు కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి. ఎంత దూరమైనా డాక్టరు రమ్మన్న రోజు పోవాలి.

నెత్తురు ఆపే సాధనాలు

మాయ తీశాక కూడా కొందరికి నెత్తురు ఆగదు. అంత మాత్రాన గర్భసంచి తీసేయరు. ముందు గర్భసంచి బిగుసుకునే సూదిమందు ఇస్తారు. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే సూదిమందు కూడా ఇస్తారు. 21 దేశాల్లో 20 వేల మంది స్త్రీల మీద ఈ మందును చూసి 2017లో ఫలితం చెప్పారు. కాన్పు అయిన 3 గంటల లోపల ఇస్తే నెత్తురు పోయి చనిపోయేవారు సుమారు మూడో వంతు తగ్గారు. ఆలస్యంగా ఇస్తే లాభం లేదు. అందుకే తొందరగా ఆసుపత్రికి చేరాలి.

గర్భసంచిలో నీళ్ల బుడగ పెట్టి లోపలి నుంచి ఒత్తే పద్ధతి కూడా ఉంది. ఆ పరికరానికి చాలా ఖరీదు. బంగ్లాదేశ్‌లోని ఢాకాలో డాక్టర్ సాయెబా అఖ్తర్ అనే ఆమె ఒక ఉపాయం చేసింది. రబ్బరు గొట్టానికి నిరోధ్ కట్టి, దాన్ని గర్భసంచిలో పెట్టి, ఉప్పునీటి సెలైన్‌తో నింపింది. 23 మందికి అట్లా చేసి 2003లో ప్రకటించింది. అందరికీ నెత్తురు ఆగింది. పేద దేశంలో ఒక డాక్టరమ్మ చేసిన పని ఇది. తరువాత ఎన్నో దేశాలు దాన్ని నేర్చుకున్నాయి.

కోడలి మాట ఎవరు వినాలి?

గర్భసంచి ఉంచాలా, తీయాలా అని అడిగితే ఇంట్లో అందరూ మాట్లాడతారు. అత్త మాట్లాడుతుంది. పెనిమిటి మాట్లాడతాడు. కోడలిని ఎవరూ అడగరు.

మన దిక్కు గర్భసంచి తీసేయడం మామూలు మాట అయిపోయింది. 2015-16 సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 100లో 3 మందికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో 100లో సుమారు 8 మందికి తీసేశారు.

ఢిల్లీలో ఒక స్త్రీ పరీక్ష చేయించుకోవడానికి ఆసుపత్రికి పోయింది. ఆమె మత్తులో ఉండగా, ఆమె తల్లిని ఒప్పించి గర్భసంచి తీసేశారు. ఆమె కోర్టుకు పోయింది. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన గర్భసంచి తీయడానికి ఒప్పుకున్నట్టు కాదు అన్నది. ఆమె బదులు తల్లి ఒప్పుకుంటే చాలదు అన్నది. ప్రాణం పోయే సమయమైతే మాత్రం డాక్టరు ఆగనక్కర లేదు.

కాబట్టి మాట్లాడాల్సింది ముందే. కాన్పుకు ముందే డాక్టరమ్మను అడగాలి. "నాకు మళ్లీ బిడ్డ కావాలి. గర్భసంచి ఉంచే వీలుందా? ఉంచితే ఏమి భయం?" అని అడగాలి. లేదంటే, "నాకు పిల్లలు చాలు. ప్రాణం ముఖ్యం" అని చెప్పాలి. ఏ మాటైనా ఆమె నోటి నుంచే రావాలి.

ఒకవేళ గర్భసంచి పోయిందే అనుకోండి. అది ఆమె తప్పు కాదు. శాపం కాదు. పాపం కాదు. బిడ్డను కనడానికి పోయి చావును దాటి వచ్చిన మనిషి ఆమె. "గొడ్రాలు" అనే మాట ఆమె మీద పడకూడదు. ఆ మాట వినిపిస్తే వాడకట్టు ఆడవాళ్లే అడ్డుకోవాలి.

ఏం చేయాలి?

ఒకటి. నెల తప్పగానే ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించాలి. పాత ఆపరేషన్ల సంగతి దాచకూడదు.

రెండు. ఐదో నెల స్కానింగ్‌లో "మాయ ఎక్కడ ఉంది?" అని అడగాలి. కింద ఉందంటే భయపడవద్దు. గర్భసంచి పెరుగుతుంటే చాలామందికి మాయ పైకి జరుగుతుంది. ఎనిమిదో నెలలో మళ్లీ చూపించాలి. పాత కోత ఉన్నవారు మాత్రం తప్పక చూపించాలి.

మూడు. మాయ అతుక్కుందని అనుమానం వస్తే దగ్గరి చిన్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకోవద్దు. చేవెళ్ల ఆసుపత్రి మామూలు కాన్పుకు దగ్గర. కాని ఈ కాన్పుకు మత్తు డాక్టరు, రక్తనిధి, పెద్ద డాక్టర్లు అందరూ ఒక్కచోట ఉండాలి. హైదరాబాదులో పేట్లబుర్జు, కోఠి ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి ఉన్నాయి. నొప్పులు వచ్చాక మర్రిచెట్ల రోడ్డు మీద పరుగెత్తడం కాదు. ముందే పోయి చూపించుకోవాలి. ఇట్లాంటి కాన్పును నెలలు పూర్తిగా నిండకముందే పెట్టుకుంటారు.

నాలుగు. ఐరన్ గోలీలు మానకుండా మింగాలి. ఒంట్లో నెత్తురు తక్కువ ఉన్నవారు కొంచెం పోయినా తట్టుకోలేరు. ఇంటి మొగవాళ్లు నెత్తురు ఇవ్వడానికి ముందే సిద్ధపడాలి. నెత్తురు ఇస్తే బలం పోతుందన్న భయం ఉత్తదే.

ఐదు. అనుకోకుండా ఇంట్లోనో, దారిలోనో కాన్పు అయితే 108కు ఫోన్ చేయాలి. మాయ కోసం లాగవద్దు. బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించాలి. పాలు చీకితే గర్భసంచి బిగుసుకుంటుంది. గుడ్డ వెంట గుడ్డ తడుస్తుంటే అరగంట అని ఆగవద్దు. అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆరు. మొదటి కాన్పుకు అవసరం లేని ఆపరేషన్ అడగవద్దు. మామూలు కాన్పు చేయడానికి 2017 నుంచి మన రాష్ట్రంలో కొందరు నర్సమ్మలకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. మొదటి కోత తప్పితే, రెండో కాన్పుకు సగం భయం తప్పినట్టే.

ఇక ఒక చిన్న పని. ఇది ఈరోజే చేయవచ్చు. ఇంటికి పోయాక బట్టల పెట్టె తీయండి. పాత కాన్పు కాగితాలు అడుగున ఉంటాయి. ఇన్నాళ్లూ అవి ఎవరో చదివి చెప్పే కాగితాలు. ఇప్పుడు తేదీ చదవండి. పేరు చదవండి. నెత్తురు గ్రూపు ఏమి రాశారో చూడండి. ఇంగ్లీషులో రాసిన మాటలను నర్సమ్మ చేత చెప్పించుకొని, పక్కనే తెలుగులో రాసుకోండి. ఆపరేషన్ ఎందుకు చేశారు? మాయ ఎట్లా పడింది? రాసుకోండి.

ఆ కాగితాన్ని తల్లీబిడ్డల కార్డులో పెట్టండి. ఇంట్లో కోడలు ఉంటే ఆమె కాగితం ఆమె చేతికే ఇవ్వండి. రేపు ఆసుపత్రిలో "సంతకం పెట్టమ్మా" అంటే, "ఇందులో ఏముంది? చదివి పెడతా" అని ఆమె అనాలి.